మసక లైటు నుంచి మాడిన వైరు దాకా

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు కట్టమంచి. మా నాయన 1998లో కొన్న మారుతి 800 ఇంకా మా దగ్గరే ఉండాది. నేను తిరుపతిలో పని చేస్తాను, వారంలో రెండు మూడు రాత్రులు ఆ కారులోనే ఇంటికొస్తాను. నాలుగు నెలల కిందట లైట్లు బాగా మసకబారినాయని 100/90 వాట్ల బల్బులు వేయించినాను. తర్వాత హెడ్‌లైట్ ఫ్యూజు రెండుసార్లు పోయింది. నీలం రంగు 15 ఫ్యూజు తీసి ఆకుపచ్చది, 30 వేసినారు. పోయిన నెల చంద్రగిరి దాటి కాశిపెంట్ల దగ్గరికి వచ్చేసరికి డ్యాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ కాలిన వాసన, పొగ, లైట్లు రెండూ ఆరిపోయినాయి. వైర్లు కలిపే ప్లాస్టిక్ కప్లర్ కరిగిపోయిందని చెప్పి, అది కోసేసి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి ఇచ్చినారు. పది రోజులకే పూతలపట్టు దగ్గర మళ్లీ అదే వాసన. ఒకాయన వైరింగ్ మొత్తం మార్చాలంటాడు. మా బావ కారే అమ్మేయమంటాడు. నాయనేమో ప్రతి సంకటహర చవితికీ ఈ కారులోనే కాణిపాకం పోతాడు, అమ్మేమాట వింటేనే బాధపడతాడు. ఏం చేయమంటారు?

సమాధానం: తమ్ముడూ, ముందు ఇవాళ చేయాల్సిన పని చెబుతాను. మిగతాది తీరిగ్గా చదువుకో. బోనెట్ ఎత్తి, పది నంబరు స్పానర్‌తో బ్యాటరీ మైనస్ విప్పి, ఆ కేబుల్ కొసకు గుడ్డ చుట్టి పక్కకు పెట్టు. మైనస్సే ముందు విప్పాలి. ప్లస్ విప్పేటప్పుడు స్పానర్ అవతలి కొస బాడీకి తగిలిందంటే నిప్పులు లేస్తాయి. మైనస్ ముందే తీసేసి ఉంటే అది తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. తర్వాత ఫ్యూజు బాక్సు తెరిచి ఆ ఆకుపచ్చ ఫ్యూజు పీకెయ్. పని పూర్తయ్యేదాకా రాత్రిపూట బస్సులోనే రా. పొగ ఒకసారి వచ్చిందంటే ఏదో తప్పు జరిగిందనుకోవచ్చు. రెండోసారీ అదే వాసన వచ్చిందంటే, ఆ తప్పు ఇంకా కారులోనే కూర్చుని ఉంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో అన్నీ వరసగానే ఉన్నాయి. లైటు మసకబారింది, పెద్ద బల్బు వేశారు, ఫ్యూజు పోయింది, పెద్ద ఫ్యూజు వేశారు, వైరు కాలింది, మెలిపెట్టి టేపు వేశారు, మళ్లీ వాసన వచ్చింది. ప్రతిసారీ ఒక పని జరిగింది, కానీ ఆ లైటు ఎందుకు మసకబారిందని ఎవరూ అడగలేదు. అసలు జబ్బు అక్కడే ఉంది.

హెడ్‌లైట్ బల్బు పాతబడితే కాస్త వెలుగు తగ్గుతుంది, అద్దం పచ్చబడినా తగ్గుతుంది. కానీ పాతికేళ్లు దాటిన కారులో రెండు లైట్లూ ఒకేలా ఎర్రగా, నీరసంగా వెలుగుతున్నాయంటే నా అనుమానం ఎప్పుడూ వైరు మీదకే పోతుంది. బ్యాటరీ దగ్గర పన్నెండు వోల్టులు ఉండి, బల్బు దగ్గరికి పదిన్నరే చేరుతుంటే ఆ ఒకటిన్నర వోల్టు దారిలో ఎక్కడో వేడిగా మారి పోతున్నట్టు లెక్క. బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా ఎక్కువగా పడిపోతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పోతుంది. నీ లైట్లు మసకబారినప్పుడే ఆ కప్లర్‌లో ఏదో ఒక పిన్ను వేడెక్కుతూ ఉండాలి. పొగ వచ్చే స్థాయికి ఇంకా రాలేదు, అంతే.

ఇప్పుడు లెక్క చూడు. దుకాణంలో మామూలుగా ఇచ్చే హెచ్4 రకం హెడ్‌లైట్ బల్బు 60/55 వాట్లది, అంటే దూరం చూపే హై బీమ్‌కు 60, దగ్గర చూపే లో బీమ్‌కు 55. రెండు బల్బులూ హై బీమ్‌లో కలిపి పన్నెండు వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు లాగుతాయి. వంద వాట్లవి రెండు అయితే 16.7 ఆంపియర్లు. కరెంటు పెరిగింది ఒకటిన్నర రెట్లకు పైన, రెండు రెట్లకు లోపలే కదా అనిపిస్తుంది. కానీ వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అదే వైరులో, అదే పిన్నులో దాదాపు 2.8 రెట్ల వేడి అన్నమాట.

పిన్ను పట్టు వదిలి అక్కడ ఒక ఓమ్‌లో పదో వంతు అడ్డు ఏర్పడిందనుకో. పాత బల్బులతో ఆ చోట ఎనిమిది తొమ్మిది వాట్ల వేడి పుడుతుంది. వంద వాట్ల బల్బులతో అది ఇరవై వాట్లు దాటుతుంది. మా షాపులో చిన్న వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. సీసం కరిగించే ఆ పనిముట్టంత వేడి, నీ డ్యాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ కప్లర్ లోపల, చిత్తూరు చేరేదాకా పెట్టుకుని వచ్చావు. కరగక ఏం చేస్తుంది!

ఫ్యూజు సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. ఫ్యూజు బల్బును కాపాడటానికి పెట్టింది కాదు, వైరును కాపాడటానికి పెట్టింది. ఆ వైరు మందం ఎంత, అది ఎంత కరెంటు మోసినా కాలకుండా ఉంటుంది అని చూసి కంపెనీవాళ్లు ఆ అంకె వేస్తారు. 15 ఫ్యూజు మీద 16.7 ఆంపియర్లు పోతే అది వెంటనే పోదు, కొన్నాళ్లు ఓర్చుకుని ఒకరోజు పోతుంది. నీ కారులో రెండుసార్లు జరిగింది అదే. ఫ్యూజు తన పని తాను చేసింది. దాని బదులు 30 వేసిన రోజు నుంచి మీ వైరుకు కాపలా లేదు. అప్పుడిక ఫ్యూజు కంటే ముందు కాలేది వైరే. ఫ్యూజు పోతే అదే అంకె ఉన్న ఫ్యూజు వేయాలి. మళ్లీ పోతే కారణం వెతకాలి. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టిన ఫ్యూజులు, రాగి తీగ పోగు వేసిన ఫ్యూజులు నా చేతులతో తీసినవే చాలా ఉన్నాయి. అలాంటి కార్లలో రెండింటిలో డ్యాష్‌బోర్డు మొత్తం కాలిపోయింది. వాటిని చూసినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాకు కోపం వస్తుంది.

ఇక కాలిన వైరును ఎలా చూడాలో చెబుతాను. ఎవరైనా అది కోసి చెత్తలో వేస్తుంటే వేయనివ్వకు, అడిగి తీసుకో. వైరు ఎలా కాలిందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది.

వైరు పొడవునా పైతొడుగు ఒకేలా మెత్తబడి, మెరుస్తూ, పక్క వైర్లకు అతుక్కుపోయి ఉంటే అది మోయలేనంత కరెంటు పోయిందని. ఒకచోట మాత్రం రేకు అంచుకు రాసుకుని, రాగి కరిగి ఆవగింజంత ముద్ద కట్టి ఉంటే అది బాడీకి షార్ట్ అయిందని. ఇందులో ఒక గుర్తు ఉంది, నేను పని నేర్చుకునేటప్పుడు మా మేస్త్రి చూపించాడు: షార్ట్ అయిన చోటు నుంచి బ్యాటరీ వైపు ఉన్న వైరంతా కాలి ఉంటుంది, బల్బు వైపు ఉన్న వైరు కొత్తదానిలా ఉంటుంది. కరెంటు ఆ చోటు దాకా వచ్చి బాడీలోకి దిగిపోయింది కాబట్టి అవతలికి పోలేదు. మూడోది లూజ్ కాంటాక్ట్. వైరు మొత్తం బాగానే ఉంటుంది, కప్లర్ దగ్గర రెండు అంగుళాలు మాత్రం గోధుమరంగుకు తిరిగి పెళుసుగా విరుగుతుంది. కప్లర్‌లో ఐదారు పిన్నులున్నా ఒక్క పిన్ను చుట్టూనే ప్లాస్టిక్ కరుగుతుంది. ఆ పిన్ను నల్లగా, నీలంగా మారి, వేలితో నొక్కితే తిరిగి లేవదు, దాని స్ప్రింగు చచ్చిపోయి ఉంటుంది.

కప్లర్ కరిగిందని వాళ్లే చెప్పారు కాబట్టి నీది మూడోదే అనుకుంటున్నాను, దానికి పెద్ద బల్బు భారం తోడైంది. అయినా కప్లర్ కోసేశారు కాబట్టి మిగిలిన వైరును మొత్తం తడిమి చూడాలి. మెలిపెట్టి టేపు చుట్టిన ఆ అతుకు పాత పిన్ను కంటే అధ్వానం. రాగి పోగులు వేడికి సాగుతాయి, చల్లబడి ముడుచుకుంటాయి, కారు కుదుపులకు వదులవుతాయి. మన ఎండలకు నల్లటేపు జిగురు కారిపోయి పది రోజుల్లో జారుతుంది. పూతలపట్టు దగ్గర వచ్చిన వాసన దానిదే.

కొలిచి చూడటానికి మామూలు మల్టీమీటర్ చాలు. డీసీ 20 వోల్టుల మీద పెట్టు. ఇంజను ఆపి, హై బీమ్ వెయ్యి. బల్బు కప్లర్‌లోనే ఉండాలి, వెలుగుతూ ఉండాలి. మీటరు ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ గుబ్బ మీద, నల్ల తీగ బల్బు వెనక కరెంటు వచ్చే పిన్ను మీద పెట్టు. అప్పుడు కనిపించే అంకె దారిలో పోతున్న వోల్టులు. అర వోల్టు లోపు ఉంటే వైరింగ్ బాగున్నట్టే. ఒకటి దాటిందంటే ఎక్కడో వేడెక్కుతోంది. తర్వాత ఎర్ర తీగ బల్బు ఎర్త్ పిన్ను (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగిపోయే పిన్ను) మీద, నల్ల తీగ బ్యాటరీ మైనస్ గుబ్బ మీద పెట్టి చూడు. ఇక్కడ సున్నా పాయింట్ రెండు దాటకూడదు. కొన్ని కార్లలో హెడ్‌లైట్ స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది, అలాంటప్పుడు స్విచ్‌లో పోయే వోల్టులు కూడా ఈ రెండో అంకెలోనే కనిపిస్తాయి. అందుకే రెండూ కొలవాలి. బల్బు ఊడదీసి కొలిస్తే మాత్రం మోసపోతావు. కరెంటు పారనప్పుడు ఎంత పాడైన కాంటాక్టయినా పన్నెండు వోల్టులే చూపిస్తుంది. టెస్ట్ ల్యాంప్ పెట్టి ‘కరెంటు వస్తోందిగా’ అనేవాళ్లు చేసే పొరపాటు ఇదే.

రెండో అంకె ఎక్కువగా వస్తే ఎర్త్ చూడు. ఎర్త్‌ని మనవాళ్లు చాలా చిన్నచూపు చూస్తారు. ఒకసారి భాకరాపేట కనుమ దిగి వచ్చిన జీపు ఒకటి మా షెడ్డుకు వచ్చింది. యాక్సిలరేటర్ కేబుల్ మూడుసార్లు మార్చారట, మళ్లీ పట్టేస్తోందట. కేబుల్ విప్పి చూస్తే లోపలి ప్లాస్టిక్ కరిగి తీగకు అంటుకుపోయి ఉంది. అక్కడ నిప్పు లేదు, ఇంజను సెగ తగిలే చోటూ కాదు. గేర్‌బాక్సు నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ చూస్తే పచ్చటి చిలుము పట్టి నాలుగు పోగులు మిగిలాయి. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ వంద ఆంపియర్లకు పైగా కరెంటు తిరిగి పోవడానికి దారి లేక, దొరికిన ఆ యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోతోంది. పట్టీ మార్చి, బోల్టు కింద పెయింటు గీకి బిగించాం. నీ కారులోనూ ఆ పట్టీని, హెడ్‌లైట్ల పక్కన రేకుకు బిగించిన ఎర్త్ లగ్గులను (వైరు కొసన ఉండే లోహపు ముక్కలను) విప్పి, ఉప్పుకాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు రాయించు. అరగంట పని. ఇంత చవకగా ఇంత వెలుగు ఇచ్చే పని ఇంకోటి లేదు.

కొత్త 15 ఫ్యూజు వేయగానే టప్‌మని పోతుంటే మాత్రం అది షార్ట్. ఫ్యూజుల మీద ఫ్యూజులు తగలేయకుండా, ఫ్యూజు ఉండే చోట బ్రేక్ లైటుకు వాడే 21 వాట్ల బల్బును రెండు ముక్కల వైరుతో కలిపించు. హెడ్‌లైట్ బల్బులు ఊడదీసి స్విచ్ వెయ్యి. ఆ చిన్న బల్బు నిండుగా వెలిగితే షార్ట్ ఉన్నట్టు. అది వెలుగుతుండగా వైర్ల కట్టను ఒక్కో జానెడూ కదిలిస్తూ పో. ఎక్కడ కదిపినప్పుడు బల్బు ఆరిందో, మినుకుమందో తప్పు అక్కడ ఉంది. బల్బు ఉన్నంతసేపూ రెండు ఆంపియర్ల కంటే ఎక్కువ పారదు కాబట్టి వైరు కాలదు. ఇంజను గదికీ డ్యాష్‌బోర్డుకూ మధ్య రేకులో వైర్లు దూరే రంధ్రం దగ్గర ముందు చూడు. అక్కడి రబ్బరు ఇన్నేళ్లకు ఎండి రాలిపోయి ఉంటుంది, ఆ రేకు అంచు కత్తిలాంటిది. చెట్టు కింద, గడ్డివాము పక్కన కారు పెట్టే అలవాటుంటే ఎలుక పంటిగాట్ల కోసం కూడా వెతుకు.

ఇప్పుడు బాగుచేసే సంగతి. మెలిపెట్టిన అతుకు కోసేయించు. కోశాక లోపలి రాగిని చూడు. నల్లగానో పచ్చగానో ఉంటే ఆ వైరు ఇంకా పాడైనట్టే, అంగుళం అంగుళం వెనక్కి కోస్తూ కొత్త రాగి చెంబులా మెరిసే చోటు దాకా పోవాలి. పోగులు నల్లబడిన రాగి మీద ఏ అతుకూ నిలవదు. తక్కువైనంత పొడవుకు కొత్త వైరు వేయాలి, అది కార్లకు వాడే వైరే కావాలి. ఇంటికి వాడే మామూలు వైరు తొడుగు 70 డిగ్రీల వేడికి చేసింది, కార్లకు చేసే మంచి వైరు 105 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మన దగ్గర మే నెలలో బయటే 40 దాటుతుంటే బోనెట్ కింద ఎంతుంటుందో ఆలోచించు. కొసకు లగ్గు వేసి, దాని పనిముట్టుతోనే గట్టిగా నొక్కించు. పటకారుతో చదును చేస్తే చాలదు. సోల్డరింగ్ వద్దంటాను నేను. సీసం పోగుల్లోకి పాకి వైరు అక్కడ పుల్లలా బిరుసెక్కుతుంది, కుదుపులకు ఆ అంచులోనే విరుగుతుంది. పైన వేడికి ముడుచుకునే స్లీవ్ వేయించు. కరిగిన కప్లర్ బదులు కొత్త కప్లర్, కొత్త పిన్నులు.

బల్బులు 60/55వే పెట్టు. ఫ్యూజు 15దే. అందులో ఇంకో మాట లేదు. ఎల్‌ఈడీ బల్బులు వేయమని చెబుతారు, ఈ అద్దంలో వాటి వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది, వద్దు.

పాత కార్లు చాలావాటిలో హెడ్‌లైట్ కరెంటు మొత్తం స్టీరింగ్ కింది చిన్న స్విచ్ గుండానే పోతుంది. అందుకే రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చులు) వేయించు, ఒకటి హై బీమ్‌కు, ఒకటి లో బీమ్‌కు. రిలే మీద 30 అని ఉన్న పిన్నుకు బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 87 నుంచి బల్బులకు ఒక్కోదానికి 1.5 వైరు. 85, 86 పిన్నులకు పాత హెడ్‌లైట్ వైర్లు. స్విచ్ ఇక పావు ఆంపియర్ కూడా మోయనక్కర్లేదు, మీ కాలిన వైరు ఉన్న దారిలో వేడే పుట్టదు. బ్యాటరీ నుంచి వచ్చే కొత్త వైరు మీద ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరుకు దిక్కెవరూ లేరు కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఇది చేశాక పాత 60 వాట్ల బల్బులే చూసి నువ్వే ఆశ్చర్యపోతావు.

పని జరిగేటప్పుడు పక్కన నిలబడు. కారు వదిలేసి సాయంత్రం వస్తానంటే లోపల ఏం జరిగిందో నీకు తెలియదు. పని అయ్యాక ఇంజను ఆన్‌లో ఉంచి పది నిమిషాలు హై బీమ్ వేసి, కప్లర్లను చేతి వెనక వైపుతో ముట్టుకుని చూడు. గోరువెచ్చగా ఉండొచ్చు. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే పని కాలేదని చెప్పు. అదే సమయంలో బ్యాటరీ మీద మీటరు పెట్టు, 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పాడైనట్టు, ఎన్ని బల్బులు వేసినా మాడిపోతాయి.

వైరింగ్ మొత్తం మార్చాలా అన్నావు. నేనైతే ఇప్పుడే మార్చను. డ్యాష్‌బోర్డు కింద, ఇంజను పక్కన, వెనక డిక్కీలో, మూడు చోట్ల వైరు కట్ట టేపు కాస్త విప్పి ఒక్కో వైరును వేలి చుట్టూ మెల్లగా వంచి చూడు. వంగితే ఆ వైరుకు ఇంకా ఆయుష్షు ఉంది. తొడుగు పగిలి రాగి కనిపిస్తే, అదీ మూడు చోట్లా కనిపిస్తే, అప్పుడు వైరింగ్ మొత్తం మార్చడం న్యాయం. ఇంజను పక్కన మాత్రమే పగిలితే ఆ ముక్క వరకే మార్చు. మీ బావ భయం తప్పు కాదు, ఇంట్లోవాళ్లు ఎక్కే బండి కదా. కానీ ఒక కప్లరు, రెండు బల్బులు, ఒక తప్పు ఫ్యూజు కోసం బండిని అమ్మాల్సిన పని లేదు.

పని అయ్యేలోపు తప్పనిసరై పగలు తీయాల్సి వచ్చి, మళ్లీ వాసన వస్తే ఏం చేయాలో మీ నాయనకు కూడా చెప్పి ఉంచు. లైట్లు ఆపి, పక్కకు తీసి, ఇంజను ఆపి, అందరూ దిగాలి. ఆ పొగ పీల్చకూడదు, వైరు తొడుగు కాలితే ఆమ్లం లాంటి ఘాటు గాలి వస్తుంది, గొంతు, ఊపిరితిత్తులు మండుతాయి. మంట బోనెట్ కింద ఉన్నట్టనిపిస్తే బోనెట్ పూర్తిగా ఎత్తకూడదు, గాలి తగిలి భగ్గుమంటుంది, అక్కడ పెట్రోలు కూడా ఉంటుంది. కాస్త సందు మాత్రం చేసి మంటలార్పే పొడి సిలిండర్‌తో కొట్టాలి. అది చేతిలో లేకపోతే దూరంగా జరగడమే. కిలో సిలిండర్ ఒకటి డ్రైవర్ సీటు కింద బెల్టు వేసి బిగించి పెట్టు, డిక్కీలో సామాన్ల కింద వద్దు.

వచ్చే సంకటహర చవితికి మీ నాయన కాణిపాకం పగటిపూట వెళ్లి చీకటి పడకముందే వచ్చేలా చూడు. కట్టమంచి నుంచి దూరం తక్కువే, అయినా రిలేలు వేసేదాకా ఆయన లైట్లు వేయాల్సిన అవసరం రాకూడదు. ఆ రెండు చోట్లా మీటరు చూపించిన అంకెలు, పని ముందువీ తర్వాతవీ, రాసి పంపు. స్విచ్ ప్లస్ వైపు ఉందో ఎర్త్ వైపు ఉందో కూడా రాయి. రిలే పిన్నులు ఏ వైరుకు కలపాలో దాన్ని బట్టి బొమ్మ గీసి పంపిస్తాను.